చుసోక్

కొరియా వాసులు ఎనిమిదో చాంద్రమాసం పదిహేనో నాడు జరుపుకొనే శరత్కాలపు పంటల పండుగ చుసోక్. హంగావి అనీ అంటారు. మన పంచాంగంలో అది చాలా ఏళ్లు భాద్రపద పౌర్ణమి. అధికమాసం లెక్క తేడా వస్తే ఆశ్వయుజ పౌర్ణమికి జరుగుతుంది.

1145లో కిమ్ బుసిక్ ఆధ్వర్యంలో పూర్తయిన ‘సంగుక్ సాగి’ అనే చరిత్ర గ్రంథం ఈ పండుగను సిల్లా అనే పాత కొరియా రాజ్యపు రాజు యూరి కాలానికి, అంటే 1వ శతాబ్దానికి, ముడిపెట్టింది. రాజధానిలోని ఆరు వాడల స్త్రీలను రెండు జట్లు చేసి, ఒక్కో జట్టుకూ ఒక రాకుమార్తెను పెద్దగా ఉంచి, నెల రోజులు నేత పోటీ నడిపారట. పౌర్ణమి నాడు ఓడినవారు గెలిచినవారికి విందు పెట్టాలి, ఆపైన ఆటపాటలు. వెయ్యేళ్లకు పైగా గడిచాక రాసిన కథ ఇది. అంతకన్నా గట్టి సాక్ష్యం జపాన్ భిక్షువు ఎన్నిన్ దినచర్య. 839లో చైనాలోని షాన్‌డాంగ్ తీరాన సిల్లావారి ఆరామంలో ఉన్నప్పుడు ఆయన ఈ వేడుకను కళ్లారా చూశాడు. పిండివంటలు, మూడు రోజుల పాటలు, నృత్యాలు అన్నీ రాశాడు. అయితే అక్కడివాళ్లు ఆయనకు చెప్పిన కారణం పంట కాదు, పాత యుద్ధంలో గెలుపు!

నిజానికి కొరియాలో వరికోతలు ఎక్కువగా అక్టోబరులోనే. పండుగ సెప్టెంబరులో వస్తే చాలా పొలాల్లో పైరు ఇంకా నిలిచే ఉంటుంది. ముందుగా పండిన కొత్త బియ్యంతోనే పెద్దలకు నైవేద్యం పెట్టేవారు. కాబట్టి దీన్ని పంటల పండుగ అనేకన్నా పెద్దల పండుగ అనడమే సబబు. మనకూ భాద్రపద పౌర్ణమి మర్నాడే మహాలయ పక్షం మొదలవుతుంది. కొరియాలో చుసోక్‌కు ముందే సమాధుల మీది గడ్డి కోసి శుభ్రం చేస్తారు. ఆనాటి ఉదయం ఇంట్లో ‘చార్యే’ అనే పితృపూజ చేస్తారు. కొత్త బియ్యప్పిండిలో నువ్వులో చిక్కుడు గింజలో చెస్ట్‌నట్‌లో పెట్టి, అర్ధచంద్రాకారంలో వత్తి, పైన్ ఆకులు పరిచి ఆవిరి మీద ఉడికించే ‘సోంగ్‌ప్యోన్’ లేనిదే పండుగ లేదు. నైరుతి తీరంలో స్త్రీలు వెన్నెల్లో వలయంగా తిరుగుతూ ఆడే గంగ్‌గంగ్‌సుల్లేను 2009లో యునెస్కో తన జాబితాలో చేర్చింది.

1950–53 కొరియా యుద్ధం తర్వాత దక్షిణాన చిక్కుకుపోయిన ఉత్తరాదివారికి పెద్దల సమాధులు అందలేదు. వారు సరిహద్దు దగ్గరి ఇమ్‌జింగాక్‌లో ఉత్తరం వైపు తిరిగి మొక్కుతారు.

దక్షిణ కొరియాలో 1989 నుంచి దీనికి మూడు రోజుల సెలవు. ఊళ్లకు వెళ్లే కార్లతో రహదారులు కిక్కిరిసిపోతాయి. వంటపని అంతా కోడళ్ల నెత్తిన పడుతోందన్న విమర్శ ఎప్పటినుంచో ఉంది. చివరికి కన్ఫ్యూషియన్ సంప్రదాయ పీఠం సుంగ్‌క్యుంక్వాన్ 2022లో నైవేద్యం పళ్లేలు తగ్గించుకోవచ్చనీ, నూనెలో వేయించిన వంటకాలు తప్పనిసరి కాదనీ ప్రకటించింది.