నల్ల అట్ట మీద తెగని తగవు

అమెరికన్ మెటల్ బ్యాండు మెటాలికా ఐదో ఆల్బమ్ 1991 ఆగస్టు 12న విడుదలైంది. దానికి బ్యాండు పేరే తప్ప వేరే పేరు పెట్టలేదు. అట్టంతా నలుపు, ఆ నలుపులోనే కనీ కనిపించకుండా బ్యాండు పేరు, చుట్ట చుట్టుకున్న పాము. అందుకే జనం ‘బ్లాక్ ఆల్బమ్’ అన్నారు, అదే స్థిరపడింది. బిల్‌బోర్డ్ జాబితాలో నేరుగా మొదటి స్థానంలో దిగి నాలుగు వారాలు అక్కడే ఉంది. దుకాణాల్లో నమోదైన అమ్మకాలను అదే ఏడాది లెక్కగట్టడం మొదలుపెట్టిన సౌండ్‌స్కాన్ చిట్టాలో, అమెరికాలో ఇంతకంటే ఎక్కువ అమ్ముడైన ఆల్బమ్ మరొకటి లేదు. అయినా ఆ బ్యాండు తొలినాళ్ళ అభిమానుల్లో కొందరికి ఈ పాటలు ఇప్పటికీ గిట్టవు. ‘అమ్ముడుపోయారు’ అన్న ఒక్క మాటతో తేల్చేస్తారు.

డబ్బు గురించిన ఈ ఆరోపణ నాకెప్పుడూ పూర్తిగా మింగుడుపడలేదు. అసలు దెబ్బ వేరేచోట తగిలిందని నా అభిప్రాయం. అది తెలియాలంటే ఓ పదేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

1981లో లాస్ ఏంజెలెస్‌లో, డెన్మార్క్ నుంచి వచ్చిన లార్స్ ఉల్రిక్ అనే డ్రమ్మరు కుర్రాడు తోటి వాద్యగాళ్ళు కావాలని స్థానిక పత్రికలో ప్రకటన ఇచ్చాడు. పాడుతూ గిటార్ వాయించే జేమ్స్ హెట్‌ఫీల్డ్ కలిశాడు. అప్పటి బ్రిటిష్ మెటల్ బ్యాండ్లంటే ఇద్దరికీ పిచ్చి. ఆ మోతకు పంక్ సంగీతపు వేగం కలిపారు. రేడియో వాళ్ళ ముఖం చూడలేదు, పెద్ద కంపెనీలు దగ్గరికి రానివ్వలేదు. 1982లో ‘నో లైఫ్ టిల్ లెదర్’ పేరుతో ఒక నమూనా క్యాసెట్ చేశారు. వాళ్ళ దశ తిప్పింది అదే. ఒకరు కాపీ చేసి ఇంకొకరికి పోస్టులో పంపితే, వాళ్ళు మరో ఇద్దరికి పంపారు. అలా అమెరికా దాటి ఐరోపాకూ చేరింది. కంపెనీకి ఉండాల్సిన పంపిణీ వ్యవస్థ, ప్రచార విభాగం, ఆఖరికి విమర్శకుల బృందం కూడా ఈ అభిమానులే. న్యూజెర్సీలో రికార్డుల దుకాణం నడిపే జాన్ జజూలా చెవిన పడింది కూడా ఆ క్యాసెట్టే. బ్యాండును తూర్పు తీరానికి రప్పించి, సొంతంగా మెగాఫోర్స్ సంస్థ పెట్టి మరీ 1983లో తొలి ఆల్బమ్ తెచ్చాడు.

వ్యాపారంతో రాజీ ఆ తొలి ఆల్బమ్‌లోనే ఉంది. వాళ్ళు పెట్టాలనుకున్న పేరు బూతుగా ఉందని పంపిణీదారులు ఒప్పుకోలేదు. ఆ కసితోనే ‘కిల్ ఎమ్ ఆల్’ అని మార్చారు. మరుసటి ఏడాది ‘రైడ్ ది లైట్నింగ్’లో ‘ఫేడ్ టు బ్లాక్’ అనే పాట అకౌస్టిక్ గిటార్‌తో నెమ్మదిగా మొదలైతే, మెత్తబడిపోయారని అప్పుడే గగ్గోలు పుట్టింది. అంటే ఈ నింద 1991లో పుట్టింది కాదు, బ్యాండు రెండో ఆల్బమ్ నాటిది. చిత్రమేమిటంటే, అప్పుడు తిట్టిపోసిన ఆ పాటే తర్వాత బ్లాక్ ఆల్బమ్‌ను తిట్టడానికి ‘అసలైన మెటాలికా’ అంటూ చూపించే ఉదాహరణ అయింది.

1986 మార్చిలో ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ వచ్చింది. వీడియో లేదు, రేడియో అండ పెద్దగా లేదు. గాయకుడు ఓజీ ఆజ్‌బోర్న్ కచేరీల ముందు వాయిస్తూ ఊరూరా తిరిగారు. సంవత్సరం తిరక్కుండానే అమెరికాలో ఐదు లక్షల అమ్మకాల గోల్డ్ గుర్తింపు దక్కింది. కానీ అదే ఏడాది సెప్టెంబరు 27న స్వీడన్‌లో వాళ్ళ బస్సు బోల్తాపడి, బేస్ గిటారిస్ట్ క్లిఫ్ బర్టన్ 24 ఏళ్ళకే చనిపోయాడు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం మీద బ్యాండులో అందరికంటే ఎక్కువ పట్టున్నది అతనికే. అతని స్థానంలో జేసన్ న్యూస్టెడ్ వచ్చాడు. 1988 నాటి ‘అండ్ జస్టిస్ ఫర్ ఆల్’లో అతని బేస్ దాదాపు వినపడదు. చెవులు రిక్కించినా దొరకదు. కొత్తవాడి మీద మిగతావాళ్ళు చూపించిన చిన్నచూపు ఆ మిక్సింగులోకి ఎక్కిందని చాలామందితో పాటు నేనూ నమ్ముతాను.

నన్నడిగితే గీత దాటిన ముహూర్తం 1989 జనవరి. అంతవరకు వీడియోలే వద్దని భీష్మించుకున్న బ్యాండు ‘వన్’ పాటకు వీడియో తీసింది. యుద్ధంలో కాళ్ళూ చేతులూ, చూపూ వినికిడీ పోగొట్టుకున్న సైనికుడి మీద వచ్చిన ‘జానీ గాట్ హిజ్ గన్’ సినిమా దృశ్యాలు అందులో వాడారు. సంగీత చానెల్ ఎంటీవీ దాన్ని పదేపదే వేసింది. క్యాసెట్లు మోసిన అభిమాని అవసరం ఆ రోజుతో తీరిపోయింది. 1991 నాటి కోపానికి మూలం నాకు ఇక్కడే కనిపిస్తుంది. తమ చేతుల మీదుగా ఊరేగిన ఉత్సవ విగ్రహాన్ని ఎవరో వచ్చి లారీ ఎక్కించుకుపోతే భక్తులకు ఎలా ఉంటుందో, వీళ్ళకూ అలాగే ఉంది.

ఇక సంగీతపరంగా మార్పు రావడానికి కారణం కచేరీల్లోనే ఉంది. ‘జస్టిస్’ ఆల్బమ్ పేరున్న పాట దాదాపు పది నిమిషాలు. రోజూ దాన్ని వేదిక మీద వాయిస్తుంటే ముందు వరసలోని వాళ్ళు ఆవులిస్తున్నారని బ్యాండు వాళ్ళే గమనించారు. లెక్కలు కట్టి కూర్చినట్టుండే పాటలతో వీళ్ళూ అలసిపోయారు. అదే సమయంలో మాట్లీ క్రూ బ్యాండు ‘డాక్టర్ ఫీల్‌గుడ్’ విన్నారు. అందులోని డ్రమ్ముల బరువు నచ్చి, దాని ప్రొడ్యూసర్ బాబ్ రాక్‌ను మిక్సింగుకు మాత్రమే రమ్మన్నారు. చేస్తే ఆల్బమ్ మొత్తం చేస్తానన్నాడతను. మెటాలికా తరహా వేగపు మెటల్, అంటే థ్రాష్ అభిమానులకు మాట్లీ క్రూ అంటే వెంట్రుకలకు స్ప్రే కొట్టుకునే శత్రుపక్షం. ఆ పేరు వింటేనే చాలామందికి ఒళ్ళు మండింది.

1990 అక్టోబరు నుంచి 1991 జూన్ దాకా నార్త్ హాలీవుడ్‌లోని వన్ ఆన్ వన్ స్టూడియోలో పని సాగింది. పది లక్షల డాలర్ల దాకా ఖర్చయింది. మిక్సింగు మూడుసార్లు చేశారు. ఉల్రిక్, గిటారిస్ట్ కిర్క్ హామెట్, న్యూస్టెడ్ ముగ్గురి కాపురాలూ ఆ కాలంలోనే చెడిపోయాయి. అంతకుముందు ఎవరి భాగం వాళ్ళు విడివిడిగా రికార్డు చేసేవాళ్ళు. బాబ్ రాక్ నలుగురినీ ఒకే గదిలో కూర్చోబెట్టి వాయించమన్నాడు. పాటలన్నీ ఒకే శ్రుతిలో ఉన్నాయేమిటని అడిగాడు. ‘శాడ్ బట్ ట్రూ’ను కింది శ్రుతికి దించితే దాని బరువు ఒక్కసారి పెరిగింది. ‘ఎంటర్ శాండ్‌మన్’కు కిర్క్ హామెట్ తెచ్చిన గిటార్ వరస మొదట ఇంకోలా ఉండేది. దాని తొలి భాగాన్నే మూడుసార్లు తిప్పి వాయించి, ఆ తర్వాత ముగింపు ముక్క వేద్దామన్నది ఉల్రిక్ సలహా. పాట మొత్తం ఆ ఒక్క వరస మీదే నడుస్తుంది. పాత మెటాలికాలో ఒక పాటలో ఎనిమిది వరసలు దొర్లేవి. పాత అభిమాని బాధ ఇదే, ఇందులో నిజం ఉంది.

రెండోవైపు వాదనకూ బలముంది. ‘నథింగ్ ఎల్స్ మ్యాటర్స్’ను హెట్‌ఫీల్డ్ తన కోసమే రాసుకున్నాడు. ఫోను ఒక చేత్తో పట్టుకుని మాట్లాడుతూ, రెండో చేత్తో తీగలు మీటుతుంటే పుట్టిన వరస అది. ఆల్బమ్‌లో పెట్టడానికి జంకాడు కూడా. మార్కెట్ కోసం వండిన పాటైతే అంత జంకు ఉండదు. స్వరకర్త మైకేల్ కామెన్ దానికి ఆర్కెస్ట్రా కూర్చాడు. తీగలు నొక్కకుండా మీటితే చాలు మొదలవుతుంది కాబట్టి, ఈ రోజుకీ హైదరాబాద్, విశాఖల్లో గిటార్ నేర్చుకునే పిల్లల్లో చాలామంది చేతులు ముందు దాని మీదే పడతాయి.

మన సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. బ్లాక్ ఆల్బమ్ వచ్చిన మరుసటి నెల, సెప్టెంబరులోనే, స్టార్ టీవీ ద్వారా ఆసియాలో ఎంటీవీ మొదలైంది. కేబుల్ ఉన్న ఇళ్ళలోని మన కుర్రాళ్ళు మెటాలికాను మొదట చూసింది ఈ ఆల్బమ్ వీడియోలతోనే. ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ను చాలామంది ఆ తర్వాత వెతుక్కుని విన్నారు. ఏ కోల్పోయిన స్వర్గమూ లేనివాళ్ళకు ద్రోహం ఎలా కనిపిస్తుంది? అందుకే మన దగ్గర ఈ తగవు అంత ఘాటుగా సాగలేదనిపిస్తుంది. 2011 అక్టోబరులో బ్యాండు భారతదేశం వచ్చింది. గుర్‌గావ్ కచేరీ ఆఖరి నిమిషంలో ఆగిపోయి, జనం వేదిక ధ్వంసం చేశారు. 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మాత్రం జరిగింది.

దారి మార్చింది మెటాలికా ఒక్కటే కాదు. తోటి థ్రాష్ బ్యాండ్లలో, 1992లో మెగాడెత్ పొట్టి పాటలతో ‘కౌంట్‌డౌన్ టు ఎక్స్‌టింక్షన్’ తెచ్చి బిల్‌బోర్డ్‌లో రెండో స్థానానికి ఎక్కింది. ఆంత్రాక్స్ గాయకుణ్ణే మార్చింది. 1996లో మెటాలికా జుట్టు కత్తిరించుకుని ‘లోడ్’ తెచ్చేసరికి తిట్లన్నీ అటు మళ్ళాయి. దాని పక్కన బ్లాక్ ఆల్బమ్ హఠాత్తుగా సనాతనంగా కనిపించింది.

2000లో ఇంటర్నెట్‌లో పాటల ఫైళ్ళు పంచుకునే నాప్‌స్టర్ సేవ మీద దావా వేసి, తమ పాటలు పంచుకుంటున్న మూడు లక్షలకు పైగా ఖాతాల పేర్లు బ్యాండు అప్పగించింది. చట్టం వాళ్ళ పక్షానే ఉంది. కానీ క్యాసెట్ల నకళ్ళతో పెరిగిన బ్యాండు నకళ్ళ మీద కోర్టుకెక్కడం చూశాక, తమను వాడుకుని వదిలేశారన్న పాత అభిమానుల అనుమానం రుజువైపోయింది. నిజంగా అమ్ముడుపోయిన రోజంటూ ఒకటి ఉంటే, నేను 1991 కంటే దీన్నే చూపిస్తాను. 2003 నాటి ‘సెయింట్ యాంగర్’ తర్వాత బాబ్ రాక్ వెళ్ళిపోయాడు. 2008లో ‘డెత్ మాగ్నెటిక్’తో మళ్ళీ పొడుగు పాటలు, వేగం తిరిగొచ్చాయి. పాతవాళ్ళు కొంత శాంతించారు. 2021లో ముప్ఫై ఏళ్ళయిన సందర్భంగా ఇదే ఆల్బమ్ పాటలను 53 మంది కళాకారులు, బృందాలు తమ తీరులో పాడిన సంకలనం వచ్చింది.

నా తీర్పు అడిగితే, బ్లాక్ ఆల్బమ్ మెటాలికా రికార్డుల్లోకెల్లా బాగా వినపడేది. పన్నెండు పాటల్లో ఆరు గట్టివి, మిగతావి నింపుడు సరుకు. కూర్పులో ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ దగ్గరికి రాదు. నా మాట నమ్మనక్కర్లేదు. 1983 నుంచి వరసగా ఐదు ఆల్బమ్‌లూ వినండి, ఏ పక్షమో అప్పుడు తేల్చుకోండి.