పదకొండు నెలల కాగితం

పోయిన జూన్‌లో మా ఫ్లాట్‌లో అద్దెకి దిగడానికి మొదటిసారి ఒక కుటుంబం వచ్చింది. ఖమ్మం నుంచి వచ్చిన జంట, నాలుగేళ్ల పాప. అగ్రిమెంట్ వాళ్ల ముందు పెట్టాను. అందులోని మేటర్ జిరాక్స్ షాపు కంప్యూటర్‌లో ఎప్పట్నుంచో ఉన్నదే. షాపతను పేర్లూ అద్దే మార్చి, స్టాంపు పేపరు మీద ప్రింట్ తీసిచ్చాడు. ఆ అబ్బాయి ఓపిగ్గా అంతా చదివి, "అన్నా, పాపని ఈ పక్క స్కూల్లోనే వేశాం. వచ్చే మే కల్లా మళ్లీ ఇల్లు వెతుక్కోవాలా? అసలు ఈ పదకొండు నెలలు ఎందుకు?" అన్నాడు.

"అందరూ అంతే రాస్తారు తమ్ముడూ" అన్నాను. అనేశాక సిగ్గేసింది. అంతకుముందు తొమ్మిదేళ్లలో ఇదే ఊళ్లో అయిదు అద్దె ఇళ్లు మారాను. అన్నిచోట్లా పదకొండు నెలలే. ఒక ఓనరైతే పెయింట్ ఖర్చని చెప్పి అడ్వాన్సులో పైసా కూడా వెనక్కివ్వలేదు. అప్పుడు నేను తిట్టుకున్న కాగితాన్నే ఇప్పుడు ప్రింట్ తీయించాను.

ఆఫీసులో పాత కోడ్‌లో అర్థంకాని నంబరు కనబడితే ఎవరు, ఎప్పుడు, ఎందుకు పెట్టారో తవ్వడం నాకు అలవాటు. ఈ పదకొండునీ అలాగే తవ్వాను.

దీని మొదలు రెండు బ్రిటిష్ కాలపు చట్టాల్లో ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్ ప్రకారం, ఏడాది దాటిన లీజుని రిజిస్టర్ చేయించాలి. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ కూడా మన దగ్గర 1999 దాకా అదే చెప్పింది. రిజిస్టర్ చేయాల్సినదాన్ని చేయకపోతే, అందులోని షరతులకి ఆ కాగితాన్ని కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. అందుకని జనం పన్నెండులోంచి ఒకటి తీసేశారు. పదకొండు వెనక ఉన్న లెక్క అంతే. దానివల్ల రిజిస్ట్రేషన్ ఖర్చూ, ఆఫీసు చుట్టూ తిరగడమూ తప్పుతాయనుకున్నారు.

మరి మా నాన్న దాన్ని రక్షరేకులా ఎందుకు చూస్తాడు? "పన్నెండు నెలలు దాటనిస్తే ఇల్లు వాళ్లదైపోతుందిరా" అంటాడు. ఇక్కడ రెండు పన్నెండ్లు కలిసిపోయాయి. పరాయివాడు యజమానికి ఎదురుగా, తనదే అన్నట్టు ఆస్తిని అనుభవిస్తుంటే స్వాధీనం కోసం దావా వేయడానికి 1963 కాలపరిమితి చట్టం ఇచ్చే గడువు పన్నెండేళ్లు, నెలలు కాదు. పైగా అద్దెకున్నవాడు మన అనుమతితో ఉన్నవాడు. అద్దె కడుతూనే ఇల్లు నాదంటే చెల్లదు.

అయితే నాన్న భయం పూర్తిగా ఉత్తది కాదు. హనుమకొండలో మా పెదనాన్నకి ఒక మడిగె ఉండేది. అద్దె అరవై రూపాయల దగ్గరే ఆగిపోయింది. కేసు ఆయన పోయాక కూడా నడిచింది. ఆ భయం అద్దె నియంత్రణ చట్టాల చరిత్రలోంచి వచ్చింది.

మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో బొంబాయి జనంతో కిక్కిరిసింది, ఇళ్లు సరిపోలేదు, అద్దెలు మండిపోయాయి. 1918లో అక్కడ అద్దెలకి కళ్లెం వేస్తూ చట్టం తెచ్చారు. తాత్కాలికం అనే తెచ్చారు. రెండో యుద్ధంలో మద్రాసు రాష్ట్రంలోనూ ఇలాంటి ఉత్తర్వులే వచ్చి, 1949 నాటికి చట్టంగా స్థిరపడ్డాయి. హైదరాబాద్ రాష్ట్రం 1954లో తన చట్టం చేసుకుంది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఈ రెంటినీ తీసేసి 1960లో ఒకే చట్టం తెచ్చారు.

ఆ చట్టంలో న్యాయమైన అద్దె తేల్చడానికి చూడమన్న వాటిలో ఒకటి, 1944 ఏప్రిల్ 5కి ముందు పన్నెండు నెలల్లో ఆ చుట్టుపక్కల నడిచిన అద్దెలు! 1960లో చేసిన చట్టం యుద్ధకాలపు ధరల్ని అడుగుతోంది. ఖాళీ చేయించాలంటే అద్దె ఎగ్గొట్టడం, చెప్పకుండా వేరేవాళ్లకి ఇవ్వడం, ఓనరుకి సొంతానికి నిజంగా అవసరం కావడం లాంటి కారణాల్లో ఒకటి రుజువు చేయాలి. కాగితం గడువు తీరిందన్నది కారణం కాదు. అంటే, ఓనర్లు ఏ చట్టానికి భయపడ్డారో ఆ చట్టం ముందు పదకొండు నెలల కాగితం ఎందుకూ పనికిరాదు.

పెదనాన్న మడిగెలో కుట్టుమిషను పెట్టుకున్నాయన ఆ అరవై రూపాయల అద్దె మీదే ముగ్గురు పిల్లల్ని చదివించాడు. ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

కొత్తగా కట్టేవాళ్లు భయపడి ఆగిపోకూడదని, 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన భవనాలకి 1960 చట్టం మినహాయింపు ఇచ్చింది. అది ఇరవై మూడేళ్లు నడిచింది. 1983 అక్టోబరులో సుప్రీంకోర్టు, మొదట్లో సబబైన ఆ తేడా కాలం గడిచేకొద్దీ వివక్షగా మారిందంటూ దాన్ని కొట్టేసింది. రెండు నెలలకే ప్రభుత్వం ఇంకో ఉత్తర్వు ఇచ్చింది. కట్టి పదేళ్లు నిండని భవనాలకీ, నెలకి వెయ్యి రూపాయలు దాటిన అద్దెలకీ మళ్లీ మినహాయింపు. తర్వాత ఆ హద్దు పెరిగింది గానీ, ఈనాటి హైదరాబాద్ ఫ్లాట్ అద్దెలు దాన్ని ఎప్పుడో దాటేశాయి.

కాబట్టి నా ఫ్లాట్‌కి వర్తించేది 1882 చట్టమే. పదకొండు నెలలు అయ్యాక కూడా వాళ్లు ఉంటే, నేను అద్దె తీసుకుంటుంటే, మామూలుగా అది నెలవారీ అద్దెగా కొనసాగుతుంది. వద్దనుకుంటే పదిహేను రోజుల నోటీసు, వినకపోతే సివిల్ కోర్టు. ఆ కోర్టులో పట్టే కాలం మాత్రం నిజమైన భయమే. పదకొండు అని రాసినంత మాత్రాన అది తగ్గదు.

కేంద్రం 2021లో నమూనా అద్దె చట్టం తయారుచేసింది. ఇళ్లకి అడ్వాన్సు రెండు నెలల అద్దె మించకూడదంది. కానీ అది నమూనా మాత్రమే, రాష్ట్రం చట్టం చేస్తేనే అమలవుతుంది.

కొత్త ఓనరుగా నా అసలు కష్టాలు వేరే. నా ఈఎంఐ అద్దెకి రెండింతల పైనే. ఆ పైన మెయింటెనెన్స్, ఆస్తిపన్ను. ఇల్లు ఒక్క నెల ఖాళీగా ఉంటే ఆ ఏడాది లెక్కంతా తలకిందులు. ఆలోచిస్తే, నాకు కావల్సింది కూడా కదలకుండా ఉండే మనుషులే. పదకొండు నెలల కాగితం వాళ్లని కదిలిపొమ్మంటుంది.

వారం తర్వాత ఆ అబ్బాయికి ఫోన్ చేశాను. మూడేళ్లకి రాసుకుందాం, రిజిస్టర్ చేయిద్దాం, ఖర్చు చెరిసగం, ఏడాదికి అయిదు శాతం పెంపు, ఎవరు వద్దనుకున్నా రెండు నెలల ముందు చెప్పాలి అన్నాను. ఇల్లు అప్పజెప్పే రోజు గదిగదికీ ఫోటోలు తీసి ఇద్దరం దాచుకున్నాం. పెయింట్ షరతు కొట్టేశాను. నాన్నకి నచ్చలేదు. "నీ ఇష్టం. ఇల్లు నీది, ఈఎంఐ కూడా నీదే" అన్నాడు.

మొన్న బాత్‌రూమ్ కుళాయి కారుతోందంటే ప్లంబర్ని తీసుకుని వెళ్లాను. హాల్లో గోడ మీద పాప ఎత్తు దాకా క్రేయాన్ గీతలు. ఆ అమ్మాయి కంగారుగా "తుడిచేస్తాం అన్నా" అంది. "పర్లేదమ్మా" అన్నాను. కానీ మెట్లు దిగుతున్నంతసేపూ ఆ గోడకి పెయింట్ ఎంతవుతుందో మనసులో లెక్కేస్తూనే ఉన్నాను.