‘క్యాస్టు’ అను పదము – దాని పుట్టుపూర్వోత్తరములు



మన మహాసభ ‘కుల’ శబ్దముతో వెలసినది. ఆంగ్లమున వ్రాయు ప్రతి పత్రమునందును దానిని ‘క్యాస్టు’ అని యనువదించుచున్నాము. ఈ రెండు మాటలును ఒకటియేనా? ఆ పరభాషాపదము ఎచ్చట పుట్టినది? సంచికా సంపాదకులు కోరగా, మాకు తెలిసినంతవరకు మనవి చేయుచున్నాము.

క్యాస్టు ఆంగ్లేయుల సొంత మాట కాదు. పోర్చుగీసు, స్పానిషు భాషలలోని ‘కాస్తా’ దానికి మాతృక. వంశమనియు, పశువుల మేలుజాతి యనియు దాని యర్థము. పోర్చుగలునందు నేటికిని ద్రాక్షరకములను కాస్తాలనియే పిలుతురు. వ్యుత్పత్తివిషయమున పండితులలో భేదాభిప్రాయములు గలవు. శుద్ధమను నర్థముగల లాటిను ‘కాస్తుస్’ నుండి వచ్చినదని కొందరు. జంతువుల గుంపును, పక్షిపిల్లల గుంపును తెలుపు గోతికభాషాపదము నుండి వచ్చినదని మరికొందరు. మొదటి మతము ననుసరించువారు కాస్తుస్‌నకు ఛేదనార్థకమగు ధాతువు మూలమనియు, మన శస్త్రశబ్దము దానికి జ్ఞాతియనియు చెప్పుదురు. ఆ మతమే నిజమైనచో, కోసి వేరుచేయబడినదే శుద్ధమను భావము ఆ మాట పుట్టుకలోనే యున్నదన్నమాట.

1498లో వాస్కో డ గామా కళ్లికోట రేవు చేరిన పిదప, పోర్చుగీసువారు మన దేశమునందలి కులములను, వంశములను, వృత్తివర్గములను చూచి, తాము తెచ్చుకొన్న ఆ యొక్క మాటతోనే అన్నిటిని పిలిచిరి. స్పెయినువారు అదే మాటను అమెరికాఖండమున మిశ్రసంతతివారికి పెట్టిరి. ఆంగ్లమున ఇది 16వ శతాబ్దిలో వంశమను సామాన్యార్థమునను, 17వ శతాబ్ది తొలినాళ్లలో మన కులార్థమునను కానవచ్చుచున్నది. చాలకాలము, ‘విసరుట’ అను నర్థముగల వేరొక పదమువలెనే దీనిని వ్రాసెడివారు. ఫ్రెంచివారి ననుసరించి చివర ఒక యక్షరము చేర్చుట 1800 ప్రాంతమున స్థిరపడినది. తరువాత కీటకశాస్త్రజ్ఞులు చీమలలో, చెదలలో రాణులకును, పనివారికిని, భటులకును ఈ పేరే వాడిరి.

ఇక మన శబ్దములను చూడుడు. జాతి యనగా పుట్టుక. తార్కికులకు అది ఆవులన్నిటియందు గల గోత్వమువంటి సామాన్యధర్మము; ఛందస్సున కందమును ద్విపదయు జాతులు; జాతీయపతాకమన్నప్పుడు దేశమంతయు నొక జాతి. వర్ణము రంగు, అక్షరము, సంగీతమున నొక రచన. కులమనగా వంశము, సజాతీయుల సమూహము, ఇల్లు. గురుకులమున వేర్వేరు తల్లుల బిడ్డలు ఒకే కప్పు క్రింద నుండి చదువుకొందురు.

ఇన్ని యర్థముల మాటలను ఒక గడిలో ఇరికించినది జనాభా లెక్క. 1871–72 నాటి లెక్కలోనే కులమును అడిగిరి. 1901లో రిస్లీ దొర కులములకు హెచ్చుతగ్గుల వరుస నేర్పరచబూనగా, తమ పేరును స్థానమును సవరింపుడని దేశమున అనేక సంఘములు అర్జీలు పెట్టుకొన్నవి. అన్ని కులముల సంఖ్యలను ప్రకటించిన తుది బ్రిటిషు లెక్క 1931 నాటిది. తెలంగాణమున 2024లో కులసర్వే జరిగినది; తదుపరి జనగణనలో కులమును చేర్తుమని కేంద్రప్రభుత్వము 2025లో ప్రకటించినది.

ఆ గడి విషయమున మేము చేసిన తప్పొకటి చెప్పవలెను. బడి ప్రవేశపుస్తకము వ్రాయు దినములలో, అన్నదమ్ములిద్దరు రెండేండ్ల యెడముతో మా వద్ద చేరిరి. అన్నకు వృత్తిని బట్టి వచ్చిన పేరును, తమ్మునికి గౌరవముగా చెప్పుకొను పేరును వ్రాసితిమి. రెండును ఆ యింటివారు వాడుకొనునవే. పదేండ్ల పిదప ఈ భేదముచేత తమ్ముని విద్యార్థివేతనము నిలిచిపోయినది. తండ్రి మమ్ము నిందింపలేదు. రెండు కాగితములను మా బల్లపై ప్రక్కప్రక్కన పరచి, “పంతులుగారూ, ఇద్దరూ నా బిడ్డలేనండి” అని మాత్రము అనెను. ఆ పొరపాటు దిద్దించుటకు ఏడాది పట్టినది. బాలుని ఏడాది చదువు మాత్రము తిరిగి రాలేదు.

కావున మా విన్నపములు రెండు. లెక్కవారు వచ్చునప్పటికి ఇంటింట ఒకే పేరు వ్రాయించునట్లు సంఘమువారు ఇప్పుడే నిర్ణయింపవలెను. అది బిడ్డల చదువునకు సంబంధించిన పని. రెండవది, ఆ గడిలోని పరదేశపు మాటను మన ఘనతకు కొలతగా నెంచరాదు. మన వసతిగృహమున గదులు ఖాళీగా నున్న యేట, వేరొక సంఘమునకు చెందిన పేదబాలుడు వాకిట నిలిచినచో, పోషకులు క్యాస్టునకు గల అర్థమును గాక, గురుకులమున కులమునకు గల అర్థమును పాటింతురుగాక యని ప్రార్థించుచున్నాము.