ప్రతి, నకలు

ఖరగ్‌పూర్‌లో పెరిగిన తెలుగు పిల్లలకి ‘నకలు’ అనే మాట రెండు వైపుల నుంచి చెవిన పడుతుంది. ఇంట్లో ట్రంకుపెట్టె తెరిచినప్పుడు అమ్మ ఓ పాత కాగితం తీసి, “ఇది నకలురా, అసలుది శ్రీకాకుళంలో మీ పెదనాన్న దగ్గరుంది” అంటుంది. ఆ గొంతులో ధీమా ఉంటుంది. నకలు చేతిలో ఉందంటే పొలం చేతిలో ఉన్నట్టే. గోల్‌బజార్‌కి వెళితే అదే మాట బెంగాలీలో ‘నొకొల్’ అవుతుంది. వాచీ నొకొల్ అంటే దొంగసరుకు. పరీక్షలో నొకొల్ అంటే పక్కవాడి కాగితంలోకి తొంగిచూడడం. ఇంట్లో గౌరవం, బజారులో అనుమానం. ఇవి రెండూ ఒకే మాట అని చాలా ఏళ్ల దాకా నాకు తట్టలేదు.

దీని పుట్టుక అరబ్బీలో ఉంది. అక్కడ ‘నక్ల్’ అంటే ముందు మోసుకెళ్లడం, ఒక చోటి నుంచి ఇంకో చోటికి తరలించడం. నేటికీ అరబ్ దేశాల్లో రవాణా శాఖ పేరులో ఉండేది ఈ మాటే. ఒకరు చెప్పింది ఇంకొకరికి చేరవేయడమూ నక్లే, ఒక కాగితం మీది రాతని మరో కాగితం మీదికి చేర్చడమూ నక్లే. పారశీకం, ఉర్దూల మీదుగా మన కచేరీలకి వచ్చేసరికి రవాణా జారిపోయి రాత ఒక్కటే మిగిలింది. దాని తోడబుట్టిన ‘నకిలీ’ మాత్రం పూర్తిగా చెడ్డపేరు మోసింది. బెంగాల్ నాగపూర్ రైల్వే కోసం, దాని వర్క్‌షాపు చుట్టూ పెరిగిన ఊరు మాది. ఆ బండ్ల వెంటే మా తాతలు ఉత్తరాంధ్ర నుంచి వచ్చారు. అలాంటి ఊరివాణ్ణి కాబట్టి, ‘నకలు’ లోపల ఒక సరుకుబండి ఉందని తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఈ మాట వెంట ఇంతగా పడడానికి కారణం నా ఉద్యోగం. వెతుకులాటకి పనికొచ్చే డేటాబేసులని నడపడం నా పని. కొత్తగా చేరిన తెలుగు కుర్రాళ్ల కోసం పని వివరాలన్నీ తెలుగులో రాసిపెడదామని కూర్చుంటే మొదటి పేజీలోనే ‘రెప్లికేషన్’ దగ్గర కలం ఆగింది. ఇంగ్లీషులో ఆ ఒక్క మాటనే రెండు వేర్వేరు పనులకి వాడుతున్నారు. తెలుగులో ఏ మాట వేయాలో తేల్చాలంటే ముందు ఆ రెండు పనులని విడదీయాలి.

మొదటి పని ఒకే క్లస్టర్ లోపల జరుగుతుంది. క్లస్టర్ అంటే ఒక గూటి కింద కలిసి పనిచేసే సర్వర్ల గుంపు. ఎలాస్టిక్‌సెర్చ్‌నే తీసుకుందాం. 2010లో షే బానన్ విడుదల చేసిన ఈ సాఫ్ట్‌వేర్, అంతకుముందే ఉన్న లూసీన్ అనే వెతుకులాట యంత్రం మీద కట్టినది. ఇందులో సమాచారాన్ని ‘షార్డ్’ అనే ముక్కలుగా విడగొడతారు. ప్రతి ముక్కకీ ఒక ప్రధాన రూపం, దానికి ఒకటో రెండో ‘రెప్లికా’లు. ఆ రెంటినీ ఒకే సర్వర్ మీద ఉంచరు. సర్వర్ పోతే రెండూ పోతాయి కదా. కొత్త సమాచారం రాగానే ప్రధాన ముక్క రాసుకుని, రెప్లికాలకి పంపి, వాటి జవాబు కోసం ఆగుతుంది. అవి “రాసుకున్నాం” అన్నాకే పంపినవాడికి “అయింది” అని చెబుతుంది. జవాబివ్వని రెప్లికాని సరితూగే వాటి జాబితా నుంచి తీసేస్తుంది.

జవాబు అనే ఆ సంగతి దగ్గరే నాకు మాట దొరికింది. ‘రెప్లికా’కి మూలం లాటిన్‌లో ‘రెప్లికారె’, వెనక్కి మడవడం. అదే మూలం నుంచి పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకి వచ్చిన ఇంకో మాట ‘రిప్లై’. అంటే నకలూ జవాబూ అక్కడ ఒక తల్లి పిల్లలు. ఇప్పుడు మన ‘ప్రతి’ని చూడండి. సంస్కృతంలో అది ఉపసర్గ. ఎదురుగా, తిరిగి, ఒక్కొక్కటిగా అని దాని అర్థాలు. ప్రత్యుత్తరం, ప్రతివచనం, ప్రతిధ్వని అన్నింటా తిరిగి పలికే గుణం ఉంది. ప్రతిమ, ప్రతిబింబం ఎదురుగా నిలిచి పోలికని చూపిస్తాయి. ప్రతినిధి ఇంకొకరి స్థానంలో నిలబడతాడు. ఆ ఉపసర్గ తెలుగులో సొంతకాళ్ల మీద నిలబడి నామవాచకమై, పుస్తకానికి కాపీ అనే అర్థం తెచ్చుకుంది: వ్రాతప్రతి, శుద్ధప్రతి, వెయ్యి ప్రతులు. రోముకీ మనకీ సంబంధం లేకుండానే రెండు చోట్లా జవాబూ పోలికా ఒకే మాటలో చేరాయి. నాకు ఇది కాకతాళీయం అనిపించదు. ఎదురుగా నిలబడి, పిలిస్తే పలికేదే నమ్మదగిన ప్రతి అని రెండు సమాజాలూ అనుభవం మీద తెలుసుకున్నట్టుంది.

రైల్వే వాళ్లకి ఇది మరీ బాగా తెలుసు. మా తాతగారు చిన్న స్టేషన్లలో స్టేషన్ మాస్టరుగా చేశారు. బండి పంపాలంటే ముందు స్టేషన్‌ని ‘లైన్ క్లియర్’ అడగాలి. అవతలి మాస్టరు ఒప్పుకుంటే తన దగ్గరున్న ప్రైవేట్ నంబర్ల కాగితంలోంచి ఒక అంకె చదివి, దాన్ని కొట్టేస్తాడు. ఇటు మాస్టరు ఆ అంకెని ట్రైన్ సిగ్నల్ రిజిస్టర్‌లో రాస్తాడు, అటు మాస్టరూ రాస్తాడు. మైళ్ల దూరంలో ఉన్న రెండు పుస్తకాల్లో ఒకే గీత, ఒకే అంకె, ఒకే వేళ. “అంకె వినకుండా రాసినోడు నిద్రలో రాసినట్టే” అనేవారు తాతగారు. జవాబు రాకపోతే బండి కదలదు. ఆ రెండు రిజిస్టర్లూ ఒకదానికొకటి ప్రతులు. ‘ప్రతి’కి ఇంతకన్నా మంచి బొమ్మ నేను ఇంకెక్కడా చూడలేదు.

అయితే జవాబు కోసం ఆగడానికి ఖరీదుంది. పక్క స్టేషన్ వరకైతే సరే. ఖరగ్‌పూర్‌లో ఒక క్లస్టర్, హైదరాబాద్‌లో ఒక క్లస్టర్ ఉన్నాయనుకుందాం. గాలిదారిలోనే వెయ్యి కిలోమీటర్ల పైమాట. గాజుతీగలో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. పోయి రావడానికే 10 మిల్లీసెకన్ల పైన పడుతుంది, అదీ తీగ సూటిగా ఉంటే. ప్రతి రాతకీ అంతసేపు ఆగితే పని నడవదు. మధ్యలో తీగ తెగితే రెండు ఊళ్లూ ఆగిపోతాయి. అందుకని దూరపు క్లస్టర్ల మధ్య పద్ధతే వేరు. ఎలాస్టిక్‌సెర్చ్‌లో ఇది 2018లో ప్రయోగంగా వచ్చి, 2019లో స్థిరపడింది. ఇందులో అసలుది ఎవరి కోసమూ ఆగదు. తన పని తాను చేసుకుపోతుంది. దూరంగా ఉన్నదే వచ్చి, “పోయినసారి ఫలానా వరస నంబరు దాకా తీసుకెళ్లాను, తర్వాతివి ఇవ్వు” అని అడిగి పట్టుకెళుతుంది. మొదటిసారి ఉన్న ఫైళ్లన్నీ మూటగట్టి మోసుకెళుతుంది, ఆపైన మార్పులు మాత్రమే. ఏర్పాటంతా తెచ్చుకునే వైపు నుంచే చేయాలి: అసలు క్లస్టర్ చిరునామా ఇక్కడ నమోదు చేసి, అక్కడ చదివే హక్కు సంపాదించి, ఇక్కడ వెంబడించే ఇండెక్స్‌ని తెరవాలి. ఆ ఇండెక్స్‌లో ఎవరూ నేరుగా రాయడానికి వీల్లేదు, చదువుకోవడమే.

ఎదురుగా నిలబడి జవాబిచ్చేది కాదిది. వెళ్లి, ఎత్తుకుని, మోసుకొచ్చేది. అంటే నక్ల్.

ఈ తేడా సంస్కృతానిదో అరబ్బీదో మాత్రమే అనుకోకండి. అచ్చతెలుగులోనూ ఉంది. బడిలో పై గీతలో ఉన్నదాన్ని చూస్తూ కింద రాసే పనిని చూచిరాత అంటాం. అక్కడ అసలుది కళ్లెదుటే ఉండాలి, ప్రతి అక్షరానికీ తలెత్తి చూడాలి. గ్రంథంలోంచి ఒక భాగాన్ని తీసి తన పుస్తకంలో పెట్టుకోవడాన్ని ఎత్తిరాయడం అంటాం. ఎత్తడం అంటే బరువు లేపి ఇంకోచోట దించడమే. చూచిరాత ప్రతికి దగ్గర, ఎత్తిరాత నకలుకి దగ్గర. మూడు భాషల మూటల్లోంచి రెండు జతలు తీసినా అదే గీత కనిపిస్తోంది. మన నిఘంటువులు మాత్రం ఈ మాటలన్నింటికీ ఒకే అర్థం రాసి ఊరుకుంటాయి. అది అన్యాయం.

మోసుకెళ్లేదానికి ఉన్న ప్రమాదం ఏమిటో నేను ఒక దసరాకి తెలుసుకున్నాను. వేరే ఊళ్లో, ఒక సంస్థలో పనిచేస్తున్న రోజులవి. పండుగ సెలవుల్లో రెండు క్లస్టర్ల మధ్య తీగ తెగింది. అందరం ఊళ్లకి పోయాం. ఎవరూ చూడలేదు, నేనూ చూడలేదు. అసలు క్లస్టర్ మార్పుల చిట్టాని వెంబడించేదాని కోసం దాచి ఉంచుతుంది, కానీ ఎల్లకాలం కాదు. మనం మార్చకపోతే ఆ గడువు 12 గంటలు. ఆ లోపల వచ్చి “ఇంకా కావాలి” అనకపోతే పాత చిట్టా చెరిగిపోతుంది. మేం తిరిగొచ్చేసరికి నకలు తనకి కావలసిన వరస నంబరు అడిగింది, అసలుది “అది నా దగ్గర లేదు” అంది. మొత్తం ఫైళ్లు మళ్లీ మొదటి నుంచి మోయించాల్సి వచ్చింది. అన్నాళ్లూ నకలు తెరిచే ఉంది, వెతికితే జవాబులూ ఇచ్చింది. ఆ జవాబులు పాతవి. చదివినవాళ్లకి ఆ సంగతి తెలిసే దారి లేదు. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది అదే.

సి.పి. బ్రౌన్ కడపలో పండితులనీ లేఖకులనీ పెట్టుకుని తెలుగు కావ్యాలకి ప్రతులు రాయించిన కాలంలోనూ ఈ బాధ ఉంది. ఒక కావ్యానికి ఊరూరి నుంచి వ్రాతప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి పోల్చి, శుద్ధప్రతి తయారుచేయించేవాడు. తాటాకు మీద గంటంతో రాసిన లేఖకుడు చివర, ఉన్నది ఉన్నట్టే రాశాను, తప్పుంటే నాది కాదని విన్నవించుకునేవాడు. ఆ విన్నపంలో నిజాయితీ ఉంది: నేను మోసుకొచ్చాను, మూటలో ఏముందో మూలాన్ని అడగండి. అలా చూసి రాయడానికి పెట్టుకున్న మూలాన్ని మాతృక అన్నారు. తాటాకు పురుగు పట్టిపోతుంది, మాతృక నశిస్తుంది. అప్పుడు దాని నుంచి పుట్టిన ప్రతే తరవాతి లేఖకుడికి మాతృక అవుతుంది. మన దగ్గర ఉన్న ప్రాచీన కావ్యాలన్నీ అలా పదవి మారిన ప్రతులే; నన్నయ చేతి రాత ఎవరి దగ్గరా లేదు.

క్లస్టర్లలోనూ ఆ పదవి మార్పు ఉంది. అసలు ఊరు నీట మునిగినా నిప్పంటుకున్నా, నకలుని వెంబడించడం ఆపమని ఆజ్ఞాపించి, మూసి, బంధం తెంచి, మళ్లీ తెరుస్తారు. ఆ క్షణం నుంచి అందులో రాయవచ్చు, అది మామూలు ఇండెక్స్. ఒకసారి తెంచిన బంధం మళ్లీ కలవదు. అసలుది తేరుకుని వస్తే, ఈసారి అదే నకలుగా మొదలుపెట్టాలి.

ఇక మిగిలింది బజారు వేసిన మచ్చ. ‘నకలు’ అంటే నకిలీ అనుకుంటారేమోనని కొందరు మిత్రులు భయపడ్డారు, ‘ప్రతిరూపం’ వేయమన్నారు. నేను ఒప్పుకోలేదు. రెవెన్యూ ఆఫీసులో ముద్ర వేసి ఇచ్చే నకలుకి కోర్టులో విలువ ఉంది. అసలు పత్రం పోయినప్పుడు దాని విషయాన్ని ధ్రువీకరించిన నకలుతో రుజువు చేసుకోవడానికి 2024 దాకా అమల్లో ఉన్న 1872 నాటి సాక్ష్య చట్టమే దారి ఇచ్చింది. అమ్మ ధీమాకి ఆధారం అదే. నకలుని నకిలీ నుంచి వేరుచేసేది ముద్ర: ఎక్కడి నుంచి తెచ్చారు, ఎప్పుడు తెచ్చారు, ఎవరు తెచ్చారు. క్లస్టర్ నకలుకి ఆ ముద్ర వరస నంబరు. అది పక్కన కనిపించకపోతే ఆ నకలుని నమ్మకూడదు.

మా ఊళ్లో ఈ చర్చ గాలిలో చేసేది కాదు. పట్టాల అవతల, ఒకప్పటి హిజ్లీ నిర్బంధ శిబిరంలో 1951లో మొదలైన ఐఐటీ ఉంది. నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాని నడిపేది ఆ ఐఐటీయే. 2018 జూన్‌లో దాన్ని జాతికి అంకితం చేశారు. దేశంలోని ఎన్నో సంస్థల్లో ఉన్న గ్రంథాల వివరాలని తెచ్చి ఒక్కచోట వెతికిపెట్టే ఏర్పాటది. గ్రంథం ఉన్నచోటే ఉంటుంది, వివరం ఖరగ్‌పూర్‌కి ప్రయాణిస్తుంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకి అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. రేపు ఇక్కడి దరఖాస్తుల్లో, కంప్యూటర్ తెరల మీద తెలుగు రావాలంటే ఇలాంటి మాటలే కావాలి.

కాబట్టి ఈ పని చేసే తెలుగువాళ్లందరికీ నా మనవి. ఒకే క్లస్టర్‌లో ఎదురుగా నిలిచి జవాబిచ్చేదాన్ని ప్రతి అనండి. దూరం నుంచి మోసుకొచ్చేదాన్ని నకలు అనండి. నకలు చూపించే ప్రతి తెర మీదా, అది ఏ వేళ దాకా తెచ్చిందో పక్కనే రాయండి.