హంసలదీవియు దేహములోని దీవులును

దివిసీమలో కృష్ణానది సముద్రమున గలియుచోట హంసలదీవి యున్నది. జనుల పాపములచే నల్లబడి కాకిరూపము దాల్చిన గంగ యీ సంగమమున మునిగి హంసయై తేలెనని స్థలపురాణము. మాఘపూర్ణిమనాడు వేలకొలది జనులచ్చట స్నానమాడుదురు; ఆ నీటికి వెల లేదు. మన దేహములో గూడ దీవులు గలవు. జీర్ణాశయము వెనుకనున్న క్లోమగ్రంథిలో వెదజల్లబడిన చిఱుకణసమూహములే అవి. రక్తములోని చక్కెరను అదుపులో నుంచు ఇన్సులిను వానియందే పుట్టును. అవి నశించినవారికి క్రొత్తవానిని నాటు విద్య యెట్లు పుట్టెనో, యెవరికి దక్కుచున్నదో యిచ్చట విచారింతము.

మధుమేహము మనకు క్రొత్తవ్యాధి గాదు. రోగి మూత్రమునకు చీమలు పట్టుటను మన ప్రాచీనవైద్యులు గుర్తించిరి. సుశ్రుతుడు ప్రమేహమును సహజమనియు, అపథ్యజనితమనియు రెండుగా విభజించి, మొదటిదానివలన రోగి కృశించుననియు, రెండవదానివాడు స్థూలుడగుననియు వ్రాసెను. నేటి వైద్యుల విభాగమును ఇది తలపించును. కాని కృశించు బిడ్డను నిలుపు మందు మాత్రము వేలయేండ్లు లోకమున దొరకలేదు.

1869లో లాంగర్‌హాన్సను జర్మను విద్యార్థి క్లోమములోని యీ కణసమూహములను కనిపెట్టెను. వాని పని యేమో ఆయన యెఱుగడు. 1889లో మింకౌస్కి, మేరింగులు కుక్క క్లోమమును తీసివేయగా దానికి మధుమేహము వచ్చెను. 1893లో బ్రిస్టలు నగరమున గొఱ్ఱె క్లోమపుముక్కలను పదునేనేండ్ల బాలుని చర్మము క్రింద నాటిరి. అతడు మూడుదినములకే మరణించెను. 1909లో ద మేయరు, అప్పటికింకను ఎవరికిని చిక్కని ఆ రసమునకు, లాటినులో దీవి యను నర్థముగల ‘ఇన్సులా’ శబ్దమునుండి పేరు పెట్టెను. 1921లో టొరాంటోలో బాంటింగు, బెస్టులు దానిని వెలికి దీసిరి. 1922 జనవరిలో పదునాలుగేండ్ల బాలుడు దానివలన బ్రదికెను. మరుసటియేడు వారును, కాలిప్ అను రసాయనశాస్త్రజ్ఞుడును తమ హక్కును ఒక్కొక్క డాలరునకే విశ్వవిద్యాలయమునకు ధారపోసిరి.

ఇన్సులిను ప్రాణము నిలుపును గాని వ్యాధిని మాన్పదు. చక్కెర హఠాత్తుగా తగ్గి తెలివితప్పు ఆపద కొందఱిని వీడదు. వారికొఱకే దీవుల నాటుట. 1967లో లేసీ ఎలుక క్లోమమునుండి దీవులను వేఱుచేయు పద్ధతిని చూపెను. 2000 సంవత్సరమున కెనడాలోని ఎడ్మంటనులో షాపిరో ప్రభృతులు మృతుల క్లోమములనుండి తీసిన దీవులను ఏడుగురి కాలేయమునకు పోవు రక్తనాళమున ఎక్కింపగా ఏడుగురును ఇన్సులిను మానిరి. ఆ కేంద్రమువారే 2005లో ప్రకటించిన లెక్క ననుసరించి, ఐదేండ్ల పిదప అట్లు నిలిచినవారు నూటికి పదిమందియే. అయినను పెక్కురకు తెలివితప్పు బాధ తగ్గెను. పైగా దేహము పరాయికణములను త్రోసివేయకుండ నిత్యము మందులు పుచ్చుకొనవలెను. మూలకణములనుండి పెంచిన దీవులను పొందిన పండ్రెండుగురిలో పదిమంది ఏడాదికి ఇన్సులిను లేకయే యుండిరని 2025లో ప్రకటింపబడినది. ఆశ పెరిగినది, వెలయు పెరుగకుండునా?

బ్రిటనులో 2008 నుండి యీ చికిత్స ప్రజాధనముతో జరుగుచున్నది. హైదరాబాదు వైద్యులు కూడ, క్లోమము చెడినవారినుండి దానిని తీసి, వారి దీవులనే వారికి తిరిగి నాటిరి. అవయవముల క్రయవిక్రయములను మన శాసనము 1994లో నిషేధించెను. దానమునకు వెల గట్టరాదనుట ధర్మమే. కాని దానము వలన కలిగిన చికిత్సకు మాత్రము ధనికుడే తూగగల వెల గట్టినచో ఆ ధర్మము సగము గాదా? పేదవాని బంధువులు కన్నీటితో నిచ్చిన క్లోమము పేదవాని బిడ్డకు దక్కదన్న, ఇచ్చువారి చేయి వెనుదీయదా?

ఇన్సులినే అందని పల్లెలకు ఈ గొప్పచికిత్స యెందుకని కొందఱందురు. మా యనుభవ మొకటి చెప్పెదము. మేము బోధించు తరగతిలో ఒక బాలిక సొమ్మసిల్లెను. సంచిలో చక్కెర యుండియు, రోగము బయటపడిన పెండ్లి కాదని తల్లి భయపెట్టుటచే తీసికొనదాయెను. ఆమె ఇన్సులినును ఇంట నీటికుండలో దాచుకొనుచున్నది. కావున ముందు ప్రతియూరికి ఇన్సులినును, రక్తపరీక్షాసాధనములును, సిగ్గును పోగొట్టు జ్ఞానమును చేరవలెను. పిదప దీవుల వంతు వచ్చినపుడు, ఎవరికి ఆపద యెక్కువయో చూడవలెనేగాని, సంచి బరువు చూడరాదు.

1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో దివిసీమ వేలమందిని పోగొట్టుకొన్నది. మేడలెక్కినవారు పెక్కురు బ్రదికిరి, గుడిసెలవారు కొట్టుకొనిపోయిరి. తరువాత తీరగ్రామములలో ఊరందఱికి నుపయోగపడు తుపాను ఆశ్రయభవనములు లేచినవి. వాని మెట్లెక్కువారిని నీవెంత యియ్యగలవని యెవ్వరడుగుదురు? వైద్యమును గూడ అట్టి మేడగా కట్టుటకు చదువరులు పూనుకొందురుగాక.