మూగవారి పత్రికలు

చిన్న పత్రిక అనగానే ఎన్నేళ్లు నడిచింది, ఎన్ని ప్రతులు అమ్ముడుపోయింది అని అడగడం మనకు అలవాటు. ఆ లెక్కన చూస్తే మన పత్రికల చరిత్ర అంతా మూసివేతల జాబితాలాగే కనిపిస్తుంది. ఆ కొలత మన పత్రికలకు సరిపోదని మేం అంటున్నాం.

సిద్ధ వైద్యుడు అయోతిదాస్ పండితర్ 1898లో శ్రీలంక వెళ్లి పంచశీల స్వీకరించారు. తిరిగి వచ్చి మద్రాసులో శాక్య బౌద్ధ సంఘం స్థాపించారు. 1907 జూన్ 19న రాయపేట నుంచి వారపత్రిక తెచ్చారు. దాని పేరు 'ఒరు పైసా తమిళన్'. వెల ఎంతో పేరులోనే ఉంది. 1914లో ఆయన కన్నుమూశారు. పత్రిక మాత్రం తర్వాతి కాలంలో కోలారు బంగారు గనుల నుంచి మళ్లీ వెలువడింది. గని కార్మికుల మధ్య బౌద్ధం అప్పటికే వేళ్లూనుకుని ఉంది.

1920 జనవరి 31న బొంబాయిలో బాబాసాహెబ్ 'మూక్‌నాయక్' ప్రారంభించారు. సాహూ మహారాజు 2,500 రూపాయలు ఇచ్చి ఆదుకున్నారు. డబ్బిస్తామన్నా 'కేసరి' ఆ పత్రిక ప్రకటన వేయలేదు. మూడేళ్లకే 'మూక్‌నాయక్' ఆగింది. మహాడ్ చెరువు సత్యాగ్రహం జరిగిన రెండు వారాలకు, 1927 ఏప్రిల్ 3న, 'బహిష్కృత్ భారత్' వచ్చింది. అదీ ఆగింది. 1930లో 'జనతా' వచ్చింది. 1956 ఫిబ్రవరి 4న అదే 'ప్రబుద్ధ భారత్' అయింది. ఆ అక్టోబరు 14న నాగపూర్‌లో ధమ్మదీక్ష జరిగింది. మూగవాడు, వెలివేయబడినవాడు, జనం, మేల్కొన్నవాడు: పేర్లను వరుసగా చదివితే మన ప్రయాణమే కనిపిస్తుంది.

మరి అక్షరం రానివాళ్లే ఎక్కువగా ఉన్న ఆ వాడల్లో ఈ పత్రికలు ఎలా పనిచేశాయి? చదువు వచ్చిన ఒకరు చదివితే చుట్టూ కూర్చున్నవాళ్లు విన్నారు. బుద్ధుని మాట కూడా తాళపత్రాల మీదికి ఎక్కేముందు కొన్ని వందల ఏళ్లు భిక్షువుల నోటనే నిలిచింది. అందుకే బౌద్ధంలో పండితుణ్ణి బహుశ్రుతుడు అన్నారు, అంటే ఎక్కువగా విన్నవాడని. వినేవాళ్లు ఉన్న పత్రికను అమ్ముడైన ప్రతులతో ఎలా లెక్కిస్తాం?

మన హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ ఈ సంగతి గ్రహించారు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టి హరికథల ద్వారా మాట చేరవేశారు. 1931లో 'భాగ్యనగర్' పత్రిక తెచ్చారు. ముందు చెవికి, తర్వాత కంటికి. కారంచేడు తర్వాతి కాలంలో బొజ్జా తారకం సంపాదకత్వంలో 'నలుపు' వచ్చింది.

పెద్ద పత్రికలకు భద్రపరచడానికి గ్రంథాలయాలు ఉన్నాయి. మన పత్రికలు మాత్రం ఎవరింటి అటక మీదో, ఏ ట్రంకుపెట్టెలోనో చెదలకు ఆహారమవుతున్నాయి. అవి పోతే మన పోరాటాల గురించి ఇతరులు రాసిందే సాక్ష్యంగా మిగులుతుంది. కాబట్టి మీ ఇంట్లో పాత సంచిక ఒక్కటి ఉన్నా పాత కాగితాలవాడికి తూకం వేయకండి. ఫోనుతో ప్రతి పుటనూ ఫొటో తీసి దాచండి. ప్రతి విహారంలో ఒక అరను వీటికి కేటాయిద్దాం. పున్నమి వందన ముగిశాక ఒక పాత వ్యాసాన్ని పైకి చదువుదాం. పిల్లలు కూర్చుని వింటారు.