గోల్డెన్ హార్స్ వేదిక మీద ఒక దేశం

చైనీస్ సినిమాలకు గోల్డెన్ హార్స్ అవార్డును మించిన గౌరవం లేదని ఇక్కడ తైవాన్‌లో సినిమావాళ్ల నమ్మకం. నాదీ అదే నమ్మకం. తైవాన్ సినిమాలే కాదు, హాంకాంగ్, చైనా, సింగపూర్, మలేసియాల్లో తీసినవీ పోటీకి వస్తాయి. నవంబరులో ఆ వేడుక టీవీలో వచ్చే రాత్రి షిన్‌చూలోని మా ఇంట్లో ఇంకో పని ముట్టుకోం. మన వైపు నుంచి ఎవరైనా ఫోన్ చేసి ‘తైవాన్ అంటే చైనాయే కదా’ అని అడిగితే, నేను ఒప్పందాలూ తీర్మానాలూ ఎత్తను. 2018 నవంబరు 17 రాత్రి తైపేలో జరిగింది చెబుతాను.

ఆ రాత్రి ఉత్తమ డాక్యుమెంటరీ అవార్డు ఫూ యుయె అనే దర్శకురాలికి వచ్చింది. ఆమె తండ్రిది మలేసియా, తల్లిది ఇండోనేసియా. ఇద్దరివీ చైనీస్ మూలాలే. ఆమె మాత్రం తైవాన్ బిడ్డ. చైనాతో కుదిరిన ఒక వాణిజ్య ఒప్పందం వద్దంటూ 2014లో విద్యార్థులు పార్లమెంటులోకి దూసుకెళ్లి మూడు వారాలకు పైగా అక్కడే బైఠాయించారు. ఆ తరం కుర్రాళ్ల వెంట తిరిగి తీసిన సినిమా ఆమెది. అవార్డు చేతిలో పట్టుకుని, కన్నీళ్లతో, తమ దేశాన్ని ప్రపంచం నిజంగా స్వతంత్రమైనదిగా చూసే రోజు రావాలని, తైవాన్ మనిషిగా తన పెద్ద కోరిక అదేనని చెప్పారు. కాసేపటికి మరో అవార్డు అందించడానికి వచ్చిన చైనా నటుడు టూ మెన్, చైనాలోని తైవాన్‌కు మళ్లీ రావడం సంతోషమన్నారు. అక్కడి నుంచి హాల్లో వాతావరణమే మారిపోయింది. చివర్లో ఉత్తమ చిత్రాన్ని ప్రకటించాల్సింది ఇద్దరు: నిర్వాహక సంఘం అధ్యక్షుడు ఆంగ్ లీ, జ్యూరీ అధ్యక్షురాలు గాంగ్ లీ. గాంగ్ లీ కుర్చీలోంచి లేవలేదు. ఆంగ్ లీ ఒక్కరే వేదిక మీద నిలబడ్డారు.

అవార్డు ‘యాన్ ఎలిఫెంట్ సిట్టింగ్ స్టిల్’కు వచ్చింది. ఉత్తర చైనాలోని ఒక పట్నంలో, ఒక్క రోజులో, దారులన్నీ మూసుకుపోయిన నలుగురు మనుషుల కథ. దాదాపు నాలుగు గంటల సినిమా. దర్శకుడు హూ బో అది విడుదల కాకముందే, 2017 అక్టోబరులో, 29 ఏళ్లకే చనిపోయాడు. అతని బదులు అవార్డు అందుకోవడానికి వాళ్లమ్మ వచ్చారు. కొడుకు తీసిన ఒకే ఒక్క పెద్ద సినిమాకు వచ్చిన బహుమతిని తల్లి చేతుల్లోకి తీసుకోవడం చూసి నేను ఏడ్చాను. తెల్లారి ఎక్కడ చూసినా ఆ రెండు ప్రసంగాల గొడవే. ఆ తల్లికి, ఆ సినిమాకు దక్కాల్సిన రోజు దక్కలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అయినా ఫూ యుయె ఆ మాట అక్కడ అనకూడదనే వాళ్లతో నేను ఏకీభవించను. అవార్డుల వేదిక మీదికి రాజకీయాన్ని ఆమె కొత్తగా తేలేదు. దానికి పునాది వేసిందే రాజకీయం.

1949లో చైనా అంతర్యుద్ధంలో ఓడిన చాంగ్ కై-షేక్ ప్రభుత్వం సైన్యంతో, లక్షల మంది శరణార్థులతో సముద్రం దాటి తైవాన్ చేరింది. అంతకు ముందు 1895 నుంచి 1945 వరకు ఈ ద్వీపం జపాన్ వలస. పారిపోయి వచ్చిన ప్రభుత్వం చేతిలో చైనా తీరాన్ని ఆనుకున్న కిన్మెన్, మాత్సు దీవులు కూడా మిగిలాయి. కిన్మెన్ ఒడ్డున నిలబడితే చైనా నగరం షియామెన్ మేడలు కనిపిస్తాయి. 1958 ఆగస్టు 23న మొదలుపెట్టి, 44 రోజుల్లో చైనా సైన్యం ఆ దీవి మీద 4 లక్షల 70 వేలకు పైగా ఫిరంగి గుండ్లు కురిపించింది. ఆ తర్వాత రోజు విడిచి రోజు కాల్పులు. ప్రచార కరపత్రాలు కూరిన గుండ్లు కూడా పేల్చేవాళ్లు. 1979 జనవరి 1న గానీ అవి ఆగలేదు. ఆ గుండ్ల ఉక్కుతో చేసిన కత్తులు కిన్మెన్‌లో ఇప్పటికీ అమ్ముతారు. మా వంటింట్లో కూరలు తరిగేది అలాంటి కత్తితోనే.

1962లో, ఆ కాల్పులు సాగుతుండగానే, ప్రభుత్వం సినిమా అవార్డులు పెట్టింది. రెండు దీవుల పేర్లలోని మొదటి అక్షరాలు కలిపితే చైనీస్‌లో ‘బంగారు గుర్రం’ అవుతుంది. సరిహద్దులో సైనికుడికి ఉన్న పట్టుదల సినిమావాళ్లకూ ఉండాలని ఆ పేరు. మొదటి ప్రదానోత్సవం అక్టోబరు 31న, చాంగ్ కై-షేక్ పుట్టినరోజున చేశారు. మన నంది అవార్డులు రెండేళ్ల తర్వాత, 1964లో వచ్చాయి. అవీ సర్కారువారివే, కానీ లేపాక్షి శిల్పం నుంచి పేరు తెచ్చుకున్నాయి.

భాష విషయానికి వస్తే పోలిక అసలే కుదరదు. గోల్డెన్ హార్స్ మొదట్లో మాండరిన్ సినిమాలకే పరిమితం. అప్పట్లో ఈ ద్వీపంలో ఎక్కువ మంది ఇళ్లలో మాట్లాడింది మాత్రం తైవానీస్. 1950ల మధ్య నుంచి ఆ భాషలో వెయ్యికి పైగా సినిమాలు వచ్చాయి. జనం చూసి ఆదరించినా అవి అవార్డుకు పనికిరాలేదు. బడిలో తైవానీస్ మాట్లాడిన పిల్లలకు జరిమానా వేసేవాళ్లు. హైదరాబాద్‌లో ప్రభుత్వం నంది అవార్డులు పెట్టి, తెలుగు సినిమాలు మాత్రం పంపొద్దని ఉంటే? భాషా రాష్ట్రం కోసం పొట్టి శ్రీరాములు ప్రాణాలిచ్చిన నేల మనది. ఆ అవమానం ఎలాంటిదో మనవాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు.

తైవాన్‌లో 1949లో పెట్టిన సైనిక శాసనం 1987 జూలై దాకా, 38 ఏళ్లు నడిచింది. అది పోయిన రెండేళ్లకు హౌ షియావ్-షియెన్ ‘ఎ సిటీ ఆఫ్ సాడ్‌నెస్’ తీశారు. 1947 ఫిబ్రవరి 27న తైపేలో దొంగచాటుగా సిగరెట్లు అమ్ముకుంటున్న ఒక ఆడమనిషిని అధికారులు కొట్టారు, గుమికూడినవాళ్లలో ఒకరిని కాల్చారు. మర్నాటికి తిరుగుబాటు లేచింది. చైనా నుంచి సైన్యం దిగి దాన్ని అణచివేసింది. చనిపోయినవాళ్లు 18 వేల నుంచి 28 వేల మంది ఉంటారని 1990ల్లో ప్రభుత్వమే వేయించిన పరిశోధన అంచనా వేసింది. నాలుగు దశాబ్దాలు ఇళ్లలో పెద్దవాళ్లు కూడా నోరు విప్పలేని ఆ విషయాన్ని హౌ తెర మీదికి తెచ్చారు. వెనిస్‌లో దానికి గోల్డెన్ లయన్ వచ్చింది. ఇక్కడ ఆయనకు ఉత్తమ దర్శకుడి అవార్డు, చెన్ సుంగ్-యుంగ్‌కు ఉత్తమ నటుడి అవార్డు ఇచ్చి, ఉత్తమ చిత్రం మాత్రం ‘ఫుల్ మూన్ ఇన్ న్యూయార్క్’కు కట్టబెట్టారు. అది మంచి సినిమాయే. కానీ ఆ ఏడాది ఆ అవార్డు దానిది కాదు.

ఆ లోటును 1991లో కొంత తీర్చారు. ఎడ్వర్డ్ యాంగ్ తీసిన ‘ఎ బ్రైటర్ సమ్మర్ డే’ ఉత్తమ చిత్రమైంది. 1960ల మొదట్లో తైపేలో, చైనా నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు ముఠాలు కట్టి తిరగడం, చివరికి ఒక హత్య. పెద్దవాళ్ల భయం పిల్లల చేతికి కత్తిగా ఎలా మారుతుందో ఇంత నిదానంగా, ఇంత నమ్మకంగా చూపిన సినిమా నేను ఇంకోటి చూడలేదు. యాంగ్ మా షిన్‌చూలోని చియావ్ తుంగ్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదివి, అమెరికాలో కంప్యూటర్ ఉద్యోగం వదిలి సినిమాల్లోకి వచ్చిన మనిషి. ఇక్కడ చిప్‌ల పని చేసుకునే మాలాంటివాళ్లకు ఆయనంటే ప్రత్యేకమైన ప్రేమ.

1996 మార్చిలో తైవాన్ ప్రజలు మొదటిసారి నేరుగా తమ అధ్యక్షుణ్ణి ఎన్నుకున్నారు. వాళ్లను బెదిరించడానికి చైనా ఓడరేవుల దగ్గరి సముద్రంలోకి క్షిపణులు వదిలింది. అదే ఏడాది చివర్లో గోల్డెన్ హార్స్ ఉత్తమ చిత్రం ఏదనుకున్నారు? చైనా దర్శకుడు జియాంగ్ వెన్ తీసిన ‘ఇన్ ది హీట్ ఆఫ్ ది సన్’. క్షిపణులు పంపిన దేశంవాడని చూడకుండా సినిమాను చూసి బహుమతిచ్చారు. ఈ అవార్డు మీద నాకున్న గౌరవం అక్కడ కుదిరింది.

2018 తర్వాత చైనా తలుపు మూసేసింది. 2019 ఆగస్టులో తమ సినిమాలు, సినిమావాళ్లు గోల్డెన్ హార్స్‌కు వెళ్లడం ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఆ నవంబరు 23న, సరిగ్గా ఇక్కడి వేడుక రోజునే, తన గోల్డెన్ రూస్టర్ అవార్డులు పెట్టుకుంది. ఎక్కడనుకున్నారు, కిన్మెన్‌కు ఎదురుగా ఉన్న షియామెన్‌లో! తైపే ఎర్ర తివాచీ మీద తారలు తగ్గారు. నష్టం నిజమైనదే.

కానీ ఇక్కడివాళ్లు తమ తలుపు మూయలేదు. 2021లో హాంకాంగ్ ఉద్యమం మీద కివీ చౌ తీసిన ‘రెవల్యూషన్ ఆఫ్ అవర్ టైమ్స్’కు ఉత్తమ డాక్యుమెంటరీ ఇచ్చారు. సొంత ఊళ్లో ప్రదర్శించే వీలు లేని సినిమా అది. 2024లో, కోవిడ్ కట్టడిలో హోటల్లో చిక్కుకుపోయిన సినిమా బృందం కథ, లౌ యె తీసిన ‘యాన్ అన్‌ఫినిష్డ్ ఫిల్మ్’ ఉత్తమ చిత్రమైంది, ఉత్తమ దర్శకుడూ ఆయనే. ఆయన రాలేదు. భార్య మా యింగ్లీ వచ్చి అవార్డు అందుకున్నారు. సైన్యం కోసం పేరు పెట్టుకున్న అవార్డు, అవతలి ఒడ్డున నోరు మూయించిన కళాకారులకు చోటిచ్చేదాకా రావడం నేను ఈ దేశంలో చూసిన గొప్ప విషయాల్లో ఒకటి.

మీలో ఎవరికైనా ఈ సినిమాలు చూడాలనిపిస్తే ‘ఎ సిటీ ఆఫ్ సాడ్‌నెస్’తో మొదలుపెట్టండి. అందులో టోనీ లియాంగ్ హాంకాంగ్ నటుడు, తైవానీస్ రాదు; అందుకని ఆయన పాత్రను చెవిటి, మూగ ఫొటోగ్రాఫర్‌గా రాశారు. రైల్లో కర్రలు పట్టుకున్న గుంపు అతన్ని ఏ ఊరివాడివని నిలదీసే ఘట్టం వస్తుంది. సబ్‌టైటిల్స్ చదువుతుంటే ఎవరు తైవానీస్‌లో, ఎవరు జపనీస్‌లో, ఎవరు మాండరిన్‌లో మాట్లాడుతున్నారో తెలియదు. ఆ ఘట్టాన్ని రెండోసారి సబ్‌టైటిల్స్ తీసేసి వినండి.